సరీసృపాల పెద్ద ఆవరణలకు వేడి: గుంటూరు, ప్రకాశం మైదానం

పాము, బల్లి జాతులు, తాబేలు వంటి సరీసృపాలను మూసిన పెట్టెలోనో గదిలోనో ఉంచినప్పుడు వాటి ఒంటికి కావలసిన వెచ్చదనాన్ని మనిషే సమకూర్చాలి. ఆ ఏర్పాటు పద్ధతులు, వాటిలోని ప్రమాదాలు, ఎంపికలో వేసుకోవలసిన లెక్కలు ఈ వ్యాసంలో చెప్పాం. పెంపకందారులు ఈ ఆవరణను టెర్రేరియం అంటారు. ఆరేడు అడుగులు, అంతకు మించి పొడవున్న వాటిని ఇక్కడ పెద్దవిగా లెక్కవేశాం.

సరీసృపాల కోసమే కట్టిన మొదటి జూ భవనాన్ని 1849లో లండన్‌లో తెరిచారు. ఆ తర్వాత ఈ విద్య ఎక్కువగా పెరిగింది చలిదేశాల్లోనే. అందుకే పుస్తకాల్లో, హీటర్ల డబ్బాల మీద కనిపించే సలహాల వెనక ఒకే భయం ఉంటుంది: జంతువు చలికి చచ్చిపోతుందేమోనని. నల్లమలకూ సముద్రానికీ నడుమ పత్తి, మిరప పండే ఈ నేల మీద ఆ సలహాను ఉన్నదున్నట్టు పాటిస్తే జంతువు చచ్చేది వేడికి. పెట్టె మొత్తాన్ని వెచ్చబరిచే హీటరు ఇక్కడ ఏడాదిలో కొన్ని వారాల రాత్రులకే కావాలి. మిగతా కాలమంతా దాన్ని నమ్మకంగా ఆపి ఉంచగలమా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఎండ, నెర్రెలు

గుంటూరులో డిసెంబరు, జనవరి రాత్రుల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత సాధారణంగా 17 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటుంది. పగలు మళ్లీ 29, 30కి చేరుతుంది. మే నెలలో 40 దాటడం మామూలే. ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉన్న రెంటచింతల పేరు వేసవి వాతావరణ వార్తల్లో ఏటా వినిపిస్తుంది. అక్కడ 45 దాటడం అరుదేమీ కాదు. బాపట్ల, చీరాల వైపు సముద్రపు గాలి ఎండను కాస్త తగ్గించినా, ఉక్కపోతను పెంచుతుంది. మాచర్ల, మార్కాపురం వైపు పొడి వేడి. రెండు చోట్లా ఒకే రకం ఏర్పాటు పనికిరాదు.

ఈ వేడిలో ఇక్కడి పాములు, ఉడుములు ఎలా బతుకుతున్నాయో చూస్తే పెట్టె కట్టేవాడికి సగం పాఠం అయిపోయినట్టే. నల్లరేగడి నేల ఎండలకు నెర్రెలు విచ్చుతుంది. పైన కాలు పెట్టలేనంత మంట ఉన్నా లోతుకు పోయే కొద్దీ నేల చల్లబడుతుంది. నాగుపాము, రక్తపింజర ఈ నెర్రెల్లో, ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో పగలు గడిపి సందెవేళ బయటికొస్తాయి. పత్తి తీతకో మిరపకాయ కోతకో వెళ్లిన కూలీలు పాముకాటుకు గురయ్యేది కూడా ఈ దాగుడుచోట్ల దగ్గరే. అంటే ఈ జీవులకు ఎండ ఎంత అవసరమో, ఎండ నుంచి తప్పించుకునే చోటు అంతకన్నా ఎక్కువ అవసరం. గాజు పెట్టెలో నెర్రె ఉండదు. ఆ లోటు తీర్చకుండా దీపం బిగించడం పొరపాటు.

ఒంటి వేడి సంగతి

సరీసృపం తన శరీరపు వేడిని లోపల తయారు చేసుకోవడం చాలా తక్కువ. ఎండలోకి జరిగి కాచుకుంటుంది, నీడలోకి జరిగి చల్లబడుతుంది. ఇది మొద్దు వ్యవహారం కాదనీ, అవి తమ ఒంటి ఉష్ణోగ్రతను ఇరుకైన హద్దుల్లోనే నిలుపుకుంటాయనీ రేమండ్ కౌల్స్, చార్లెస్ బోగర్ట్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు 1944లో ఎడారి సరీసృపాల మీద చేసిన అధ్యయనంలో చూపించారు. నేటి టెర్రేరియం సూత్రం దీని మీదే నిలబడింది: పెట్టె అంతా ఒకే వేడి ఉండకూడదు. ఒక కొస వెచ్చగా, ఇంకో కొస చల్లగా ఉంటే ఎక్కడ ఉండాలో జంతువే నిర్ణయించుకుంటుంది. పెద్ద పెట్టెకున్న గొప్ప సుగుణం ఇదే. రెండడుగుల పెట్టెలో దీపం వెలిగిస్తే రెండు కొసలూ కాలిపోతాయి. ఎనిమిదడుగుల దానిలో తేడా నిలబెట్టవచ్చు.

దీనికి ఒక చిత్రమైన మినహాయింపు కొండచిలువ. ఆడ కొండచిలువ గుడ్ల చుట్టూ చుట్టుకుని కండరాలను వణికించి వాటిని వెచ్చబరుస్తుంది. న్యూయార్క్ జూలోని ఒక బర్మా కొండచిలువ మీద కొలతలు తీసి 1966లో దీన్ని ప్రచురించారు. మన కొండచిలువా అదే పని చేస్తుంది.

జాతిని బట్టి అవసరాలు మారతాయి. బాల్ పైథాన్‌కు వెచ్చని కొసలో 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని కొసలో 24 నుంచి 27 సరిపోతాయి. ఆస్ట్రేలియా ఎడారి నుంచి వచ్చిన గడ్డపు బల్లి, అంటే బియర్డెడ్ డ్రాగన్, కాచుకునే రాయి 40 దగ్గర ఉండాలని కోరుతుంది. అయినా దానికి కూడా 25, 26 ఉన్న మూల ఒకటి కావాలి. ఆకుపచ్చ ఇగ్వానాకు కాచుకునే కొమ్మ దగ్గర 33 నుంచి 36, చుట్టూ గాలి 27 నుంచి 30. తిన్న తిండి అరగడానికి ఈ వేడి తప్పనిసరి. చలిలో ఉన్న పాము కడుపులో ఎలుక కుళ్లుతుంది, లేదా పాము దాన్ని కక్కేస్తుంది. ఇక్కడే ఇంకో మాట: బల్లులకు మేతగా మిరప చేలల్లోనో పత్తి చేలల్లోనో పట్టిన మిడతలను వేయరాదు. ఆ పైర్ల మీద పడినన్ని మందులు మరే పైరు మీదా పడవేమో. మందు తిన్న బల్లి నీరసాన్ని చలి అనుకుని దీపం పెంచేవాళ్లున్నారు.

ఎవరికి, ఏ జంతువుకు

ఇక్కడి పొలాల్లో తిరిగే ఉడుమును, కొండచిలువను, నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచుకోవడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇవి మొదటి షెడ్యూలు జీవులు. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు దాకా ఉంటుంది. అదృష్టం తెస్తుందని నక్షత్ర తాబేలును పెరట్లో పెంచే అలవాటు తెలుగునాట ఇంకా పోలేదు. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం 2019లో దాన్ని మొదటి అనుబంధంలోకి మార్చింది. ఆ తాబేలుకు ఏ హీటరు మంచిదన్న ప్రశ్నకు ఒకటే జవాబు: అటవీ శాఖకు అప్పగించడం.

ఇగ్వానా, బాల్ పైథాన్ వంటి విదేశీ జాతుల సంగతి వేరు. 2022 సవరణతో సైటిస్ జాబితాలోని జీవులు చట్టం నాలుగో షెడ్యూలులోకి వచ్చాయి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం వాటిని ఉంచుకున్నవారు కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఇక పెద్ద ఎత్తున సరీసృపాలను చూసుకునేవి జూలే. ఈ మైదానానికి దగ్గరున్న పెద్ద జూలు హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాల, విశాఖ ఇందిరాగాంధీ జూ పార్కు, తిరుపతి వెంకటేశ్వర జూ పార్కు. చలికాలంలో పాముల గదుల్లో బల్బులు వెలిగించడం, వేసవిలో నీళ్లు చిమ్మడం అక్కడ ఏటా జరిగేదే.

ఎంత వేడి కావాలి

హీటరు కొనే ముందు వేయవలసిన లెక్క చాలామంది వేయరు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న చెక్క పెట్టె తీసుకుందాం. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ముందు వైపు గాజు. దాని అన్ని వైపుల వైశాల్యం సుమారు 15 చదరపు మీటర్లు. గాలి రంధ్రాలతో కలిపి చూస్తే, గదికన్నా లోపల ఒక్క డిగ్రీ ఎక్కువ నిలపడానికి 40 నుంచి 50 వాట్లు పడుతుంది.

16 డిగ్రీల గదిలో ఈ పెట్టెను 28కి తేవాలంటే 500 వాట్లకు పైగా కావాలి. చలిదేశపు పుస్తకం ఆ సంఖ్యే చెబుతుంది. గుంటూరులో డిసెంబరు రాత్రి తలుపులు మూసిన ఇంట్లో 22 డిగ్రీలుంటే, పెట్టెలో 24 నిలవడానికి 100 వాట్లు చాలు. ఇప్పుడు మే నెలకు రండి. గదిలో 36 ఉన్నప్పుడు ఆ 100 వాట్ల దీపమే పెట్టెను 38 దాటిస్తుంది. ఒంటి వేడి 40 దాటితే చాలా పాములు బతకవు. డబ్బా మీద చూసి 500 వాట్ల ఏర్పాటు బిగించిన ఇంట్లో, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఒక్కసారి మొరాయిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి చిన్న హీటరు కొనడమే మొదటి రక్షణ. పూర్తిగా వెలిగి ఉండిపోయినా జంతువును చంపలేనంత చిన్నది.

పరికరాల మంచిచెడ్డలు

పగలు కాచుకునే చోటుకు హాలోజన్ దీపం మేలు. సూర్యకాంతిలో ఉండే పొట్టి తరంగాల పరారుణ కిరణాలు దీనిలో ఎక్కువ. అవి చర్మం పైపొరను మాడ్చకుండా కండ దాకా వేడిని చేరుస్తాయి. అయితే బల్బు ఉపరితలం వందల డిగ్రీల్లో కాలుతుంది. పెట్టె లోపల బిగిస్తే చుట్టూ ఇనుప తీగ పంజరం ఉండి తీరాలి. ఆ పంజరం కూడా బల్బుకు ఆనుకుని ఉండకూడదు. పాము దాన్ని చుట్టుకుని గంటల తరబడి అలాగే ఉండిపోవచ్చు.

సిరామిక్ హీటరు వెలుగివ్వదు గనుక రాత్రికి వాడతారు. దాని ముఖం 200 డిగ్రీలు దాటుతుంది. మామూలు ప్లాస్టిక్ హోల్డరులో బిగిస్తే కరిగి అంటుకుంటుంది. పింగాణీ హోల్డరు, వేడిని తట్టుకునే తీగ అవసరం. ఎలక్ట్రికల్ దుకాణంలో తెల్ల పింగాణీ హోల్డరు అడిగితే దొరుకుతుంది. దీని కోసం దిగుమతి సామాను కొననక్కర్లేదు.

పెద్ద ఆవరణకు నిజంగా నప్పేది రేడియంట్ ప్యానెల్. పెట్టె పైకప్పుకు చదునుగా బిగించే పలక ఇది. వేడి ఒకే బిందువులో కాకుండా వెడల్పుగా పరుచుకుంటుంది, ముఖం సిరామిక్ హీటరంత కాలదు, చుట్టుకోవడానికి పాముకు పట్టు దొరకదు. ధర ఎక్కువే. అయినా పెద్ద పాములకు రాత్రి వేడి కావాలంటే దీని తర్వాతే మిగతావి.

పెట్టె కింద పరిచే హీట్ మ్యాట్ చిన్న పెట్టెలకు సరే. బరువైన పాము దాని మీద పడుకుంటే వేడి పైకి పోయే దారి మూసుకుపోయి ఒంటి కిందే పోగవుతుంది. గాలి ఉష్ణోగ్రత చూసే థర్మోస్టాట్‌కు అది తెలియనే తెలియదు. ఇక లోపల తీగ చుట్టిన వేడి రాళ్లు అసలు కొనకూడనివి. సరీసృపాలకు ఎండ వచ్చేది పైనుంచి. కడుపు కింద కాలుతున్నా అవి చాలాసేపు కదలవు. పశువైద్యుల దగ్గరకు కాలిన కడుపులతో వచ్చే బల్లులు, పాముల కథ ఎక్కువగా ఇదే. కాలిన పొలుసులు మానడానికి నెలలు పడుతుంది, ఎన్నోసార్లు కుబుసం విడవాలి.

కోడిపిల్లలకు చేసినట్టు కుంపటి పెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ తగదు. మూసిన పెట్టెలో బొగ్గు పొగ, దానిలోని కార్బన్ మోనాక్సైడ్ గంటల్లో ప్రాణం తీస్తాయి.

బ్యారన్ నేర్పిన పాఠం

మూసిన పెద్ద గదిని జాగ్రత్తగా వేడిచేయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. గుంటూరు సీమలో వర్జీనియా పొగాకు సాగు 1920 ప్రాంతంలో మొదలైంది. పొగాకు బోర్డు 1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడింది. టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి, కందుకూరు చుట్టూ నేటికీ పొగాకు బ్యారన్లు, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గదులు, కనిపిస్తాయి. మంట గోడకు బయట మండుతుంది. వేడి ఇనుప గొట్టాల్లో గదిలో తిరిగి పొగగొట్టం ద్వారా బయటికి పోతుంది. పొగ ఆకును తాకదు. మొదట ఆకు పసుపెక్కే దాకా 90, 100 ఫారన్‌హీట్ డిగ్రీల్లో ఉంచి, రోజుల తరబడి మెల్లగా పెంచుతూ చివర ఈనె ఎండడానికి 160 దాకా తీసుకెళతారు. రైతు థర్మామీటరు చూస్తూ రాత్రిళ్లు కాపలా ఉంటాడు.

బ్యారన్లు తగలబడేది ఎక్కువగా ఎండిన ఆకు జారి కాలే గొట్టం మీద పడినప్పుడే. టెర్రేరియం అగ్నిప్రమాదాల తీరూ అచ్చం ఇంతే. కింద పరిచిన కొబ్బరి పొట్టు, ఎండుటాకులు, అలంకారానికి పెట్టిన ఎండు కొమ్మ దీపానికి తగలడం, లేదా బలమైన ఉడుము జాతి జంతువు దీపాన్నే కిందికి లాగేయడం. ఆవరణ మరీ పెద్దదై గది పరిమాణానికి వస్తే బ్యారన్ పద్ధతే ఉత్తమం: వేడి పుట్టే చోటు జంతువుకు అందని వైపు ఉండాలి. నూనె నింపిన రేడియేటరును జాలీ గోడ అవతల ఉంచి గదినంతా రెండు మూడు డిగ్రీలు పెంచడం, లోపల పది దీపాలు వేలాడదీయడం కన్నా ఎంతో మేలు. పెట్టె బయటి వైపు థర్మకోల్ అతికించినా కరెంటు ఆదా అవుతుంది. కానీ థర్మకోల్ ఇట్టే అంటుకుంటుంది. హీటరు దరిదాపుల్లో అది ఉండకూడదు.

థర్మోస్టాట్, కరెంటు

థర్మోస్టాట్ లేని హీటరును హీటరుగా లెక్కపెట్టకూడదు. వేడి దాటగానే పూర్తిగా ఆపి, తగ్గగానే పూర్తిగా వెలిగించే రకం మ్యాట్లకు, ప్యానెళ్లకు, రేడియేటర్లకు పనికొస్తుంది. హాలోజన్‌కు మాత్రం కాంతిని మెల్లగా తగ్గించే డిమ్మింగ్ రకం కావాలి. లేకపోతే దీపం రోజంతా కన్ను కొడుతూ త్వరగా మాడిపోతుంది. గుడ్లు పొదిగే ఇంక్యుబేటర్లలో వాడే చవకైన డిజిటల్ కంట్రోలర్లు మొదటి రకానికి చెందినవే. పని బాగానే చేస్తాయి. చిక్కల్లా, హీటరును వెలిగించి ఆపే వాటి రిలే పాడైనప్పుడు చాలాసార్లు వెలిగిన స్థితిలోనే అతుక్కుపోవడమే. ఉష్ణోగ్రతను కొలిచే ప్రోబ్ జారి నేల మీదో నీళ్ల గిన్నెలోనో పడినా అంతే, చల్లగా ఉందనుకుని హీటరు ఆగకుండా నడుస్తుంది. అందుకే మొదటిదానికి వరుసలో రెండో కంట్రోలరు బిగించి, రెండు మూడు డిగ్రీలు ఎక్కువకు పెట్టాలి. రెండూ ఒకేసారి చెడిపోవడం అరుదు.

ఉష్ణోగ్రత చూడటానికి పెట్టెకు అంటించే గడియారం లాంటి డయళ్లను నమ్మరాదు. రెండు కొసల్లో రెండు డిజిటల్ ప్రోబ్‌లు, రాయి ఉపరితలానికి పరారుణ థర్మామీటరు ఉండాలి. కోవిడ్ రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు దీనికి పనికిరాదు. అది మనిషి ఒంటి వేడి హద్దుల్లోనే చూపిస్తుంది.

తడి, లోహపు జాలీ, వేడి ఒకే చోట ఉన్నాయి గనుక ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూపించుకోవాలి. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించడం మనిషి ప్రాణానికీ రక్షణ. తీగ సాకెట్ దగ్గరకు చేరే ముందు కొంచెం కిందికి వంగి పైకి వెళ్లాలి. అలా ఉంటే జారే నీటిబొట్టు సాకెట్‌లోకి పోదు.

కరెంటు పోయే భయం చలికాలంలోనే ఎక్కువ పట్టించుకోవాలి, ఎందుకంటే ఇక్కడి తుపానుల కాలం దానితో కలుస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజుల్లో చలికన్నా చలీ తడీ కలవడం సరీసృపాల ఊపిరితిత్తులకు చేటు. పొడిగా ఉన్న పాము 20 డిగ్రీల్లో ఒకటి రెండు రోజులు ఇబ్బంది లేకుండా గడుపుతుంది, మేత మాత్రం పెట్టకూడదు. ఇళ్లలో ఉండే 150 ఆంపియర్ అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీని సగం వరకే వాడుకున్నా 100 వాట్ల ప్యానెల్ ఏడెనిమిది గంటలు నడుస్తుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మాత్రం డిమ్మింగ్ థర్మోస్టాట్లు సరిగా పనిచేయవు.

వేసవి

మార్చి రెండో వారం నుంచి రాత్రి హీటర్ల ప్లగ్గులు పీకేయడం మంచిది. స్విచ్ ఆపి వదిలేస్తే ఎవరో ఒకరు వేసేస్తారు. కాచుకునే దీపం అవసరమైన బల్లులకు కూడా ఏప్రిల్, మే నెలల్లో ఉదయం రెండు మూడు గంటలు చాలు. గాజు పెట్టె మీద కిటికీ ఎండ నేరుగా పడనివ్వరాదు. అరగంటలోనే లోపల వేడి ప్రాణాంతకం కావచ్చు. నెర్రెకు బదులుగా మట్టికుండను అడ్డంగా పడుకోబెట్టి, తడి కొబ్బరి పొట్టులో సగం పూడ్చి చల్లని కొసలో ఉంచితే లోపల గాలికన్నా మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది.

గదిని చల్లబరిచే విషయంలో పల్నాడుకూ తీరానికీ తేడా గుర్తుంచుకోవాలి. మాచర్ల, వినుకొండ పొడి గాలిలో ఎయిర్ కూలర్ బాగా పనిచేస్తుంది. బాపట్ల, రేపల్లె వైపు గాలిలో తేమ ఎక్కువ గనుక కూలర్ చల్లదనం ఇవ్వకపోగా పెట్టెలో బూజు పెంచుతుంది, ఎడారి జాతులకు అది చర్మరోగం. అక్కడ ఏసీ తప్ప దారి లేదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మధ్యాహ్నం కరెంటు పోతే చేయవలసింది ముందే తెలిసి ఉండాలి: జంతువును గాలి రంధ్రాలున్న డబ్బాలోకి మార్చి ఇంట్లో అన్నిటికన్నా చల్లని గచ్చు మీద, నీళ్ల సీసా పక్కన పెట్టాలి. నోరు తెరిచి రొప్పుతున్న బల్లిని మంచునీళ్లలో ముంచకూడదు. గోరువెచ్చని నీళ్లతో మొదలుపెట్టి మెల్లగా చల్లబరచాలి, వెంటనే పశువైద్యుడికి చూపించాలి.

వానలు పోయి నవంబరులో రాత్రులు చల్లబడ్డాక హీటర్లను మళ్లీ బిగించే ముందు, జంతువు లేని పెట్టెలో ఒక రోజూ ఒక రాత్రీ నడిపి చూస్తారు. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటరును రెండు కొసల్లో ఉంచి, మర్నాడు అంకెలు రాసుకుంటారు. వానాకాలంలో ఎలుకలు తీగలు కొరికేసి ఉండవచ్చు, పింగాణీ హోల్డరు బీటలు వారి ఉండవచ్చు, ప్రోబ్ తుప్పుపట్టి రెండు డిగ్రీలు తక్కువ చూపుతూ ఉండవచ్చు. ప్రోబ్‌ను ఐసుముక్కలు కలిపిన నీళ్లలో ముంచితే సున్నా చూపాలి. చూపకపోతే మార్చేస్తారు.